మోడల్ రైలు పెట్టెల మధ్య ఎడం తగ్గించడం, వెస్టిబ్యూల్ అమర్చడం ఎలా?

"అన్నా, పెట్టెలు మంచిగ వచ్చినయి గానీ రైలు లెక్క కనబడతలేదు, ఎందుకు?" వారంలో ఒకరైనా ఫొటో పంపి ఈ ప్రశ్న అడుగుతారు. కాజీపేట, హన్మకొండ, మంచిర్యాల, ఎక్కడివాళ్లు పంపినా ఫొటో ఒకేలా ఉంటుంది. రంగు బాగుంటుంది, కిటికీలు బాగుంటాయి, పెట్టెకూ పెట్టెకూ మధ్య మాత్రం రెండు వేళ్ల ఎడం ఉంటుంది. అవతలి గోడ కనిపించేంత ఖాళీ ఉంటే కన్ను దాన్ని రైలుగా చూడదు, విడివిడి డబ్బాలుగా చూస్తుంది.

రెండు పనులు చేయాలి. కప్లింగును, అంటే పెట్టెలను ఒకదానికొకటి తగిలించే కొక్కేన్ని, మార్చి పెట్టెలను దగ్గరికి తేవడం మొదటిది. మిగిలిన సందును వెస్టిబ్యూల్‌తో, అంటే ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచే ఆ నల్లటి దారితో, మూయడం రెండోది. ఇదే వరసలో చేయాలి. చాలామంది ముందు వెస్టిబ్యూల్ అతికించి, ఆ తర్వాత కప్లింగు పట్టుకుంటారు. అప్పుడు చేసిందంతా పీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మనమంతా మామూలుగా పెట్టెనే బోగీ అంటాం. రైల్వే వాళ్లకు బోగీ అంటే కింద చక్రాలుండే బండి. ఇక్కడ పైదాన్ని పెట్టె అనీ, చక్రాల బండిని బోగీ అనీ రాస్తున్నాను. కొలతలన్నీ హెచ్‌ఓ స్కేలుకు, అంటే 1:87కు చెబుతున్నాను.

ఎంత దగ్గరికి తేవాలి?

ఇది తేలకుండా కత్తెర పట్టుకోవద్దు. దగ్గర అంటే అంటుకుపోవడం కాదు. అసలు రైల్లో ఎంత ఎడం ఉందో చూడండి.

పాత నీలం ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ రకం) పెట్టె ఒంటి పొడవు 21,337 మిల్లీమీటర్లు. రెండు కొసల బఫర్లతో, అంటే తాకిడిని ఆపే గుండ్రటి దిమ్మెలతో, కలిపితే 22,297. అంటే రెండు పెట్టెలు కలిసినచోట 960 మిల్లీమీటర్ల ఎడం. మన స్కేల్లో అది 11 మిల్లీమీటర్లు. ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) పెట్టె ఒంటి పొడవు 23,540, కప్లర్లతో కలిపి 24,000. ఎడం 460, స్కేల్లో 5 మిల్లీమీటర్ల పైచిలుకు. కాబట్టి ఐసీఎఫ్ రేక్ (పెట్టెల వరస) చేస్తున్నవాళ్లు 5 మిల్లీమీటర్ల కోసం తిప్పలు పడొద్దు. 11 ఉంచితే అదే నిజం.

ఇంట్లో మీరు వేసిన పట్టాల వంపు దీనికి ఒప్పుకుంటుందా అన్నది తర్వాతి ప్రశ్న. లెక్క చిన్నదే. పెట్టె వెడల్పును, కప్లింగుతో కలిపిన పొడవుతో గుణించండి. వచ్చినదాన్ని మీ అతి చిన్న వంపు వ్యాసంతో భాగించండి. గుర్తుంచుకోండి, వ్యాసార్థం కాదు, వ్యాసం. వంపులో లోపలి మూలలు ఎన్ని మిల్లీమీటర్లు దగ్గరికి వస్తాయో తెలుస్తుంది. దానికి ఒక మిల్లీమీటరు కలుపుకోండి.

ఉదాహరణకు సెట్ ట్రాకుల్లో (రెడీమేడ్ పట్టా ముక్కల్లో) బాగా దొరికే 438 మిల్లీమీటర్ల వ్యాసార్థం వంపు తీసుకుందాం. వ్యాసం 876. ఐసీఎఫ్ పెట్టె వెడల్పు 37, పొడవు 256. దాదాపు 11 వస్తుంది. అంటే అసలైన ఎడం ఉంచితే మూలలు సరిగ్గా తాకే దగ్గర ఆగుతాయి. 505 వంపులో తొమ్మిదిన్నర వస్తుంది, ఇబ్బంది లేదు. ఎల్‌హెచ్‌బీకి 438 వంపులో 12 దాకా కావాలి, ఉన్నది అయిదే. అందుకే ఎల్‌హెచ్‌బీ వాళ్లకు ఈ పని కష్టం. వాళ్లు పెద్ద వంపులు వేయాలి, లేదా వంపులో తానే జరిగి ఎడం పెంచే కప్లింగు పెట్టాలి, లేదా కొంచెం రాజీ పడాలి.

కావలసినవి

- స్టీలు స్కేలు, ఉంటే వెర్నియర్ క్యాలిపర్
- జెమ్ క్లిప్పులు లేదా 0.8 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ, ముక్కు పట్కారు
- 2 మిల్లీమీటర్ల చిన్న స్క్రూలు (ల్యాప్‌టాప్ రిపేరు షాపులో అడిగితే ఇస్తారు)
- 1 మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు ముక్కలు
- పాత పెళ్లి శుభలేఖ ఒకటి, మందంగా ఉన్నది
- నల్ల డ్రాయింగ్ షీటు, పల్చటిది
- అరల్డైట్, ఫెవిక్విక్, గుండుసూది
- మెత్తటి పెన్సిలు
- ఎల్‌హెచ్‌బీ అయితే బ్యూటీ పార్లర్లలో వాడే నల్ల గ్లౌజు ఒకటి

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల స్టేషనరీ, హార్డ్‌వేర్ షాపుల్లో వెతికితే వీటిలో చాలావరకు దొరుకుతాయి. రెడీమేడ్ కప్లింగులు మాత్రం బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే.

కప్లింగు

1. మొత్తం రేక్ మొదలుపెట్టకండి. రెండే పెట్టెలు తీసుకోండి. ఆ జత మీ లేఅవుట్ అంతా తప్పు లేకుండా తిరిగాకే మూడోదాన్ని ముట్టుకోండి.

2. పెట్టెను తిరగేసి కప్లింగు ఎక్కడ బిగించి ఉందో చూడండి. చిన్న చతురస్రపు జేబులో గుచ్చి ఉండి, ఆ జేబు నేల కింద పక్కలకు జరిగి, స్ప్రింగుతో మధ్యకు వస్తుంటే మీ పని సగం అయిపోయినట్టే. అది ఎన్‌ఈఎం 362 (యూరప్ మోడల్ రైళ్ల ప్రమాణం) జేబు, దాని వెనక జరిగే ఏర్పాటు. పాత కప్లింగు లాగేసి దగ్గరగా పట్టే బిర్రు రకం గుచ్చండి, రెండు పెట్టెలకూ ఒకే రకం. నేరుగా 6వ అంకెకు వెళ్లండి. కప్లింగు బోగీకే అతికి ఉంటే, లేదా పెట్టె మీరే సొంతంగా కట్టుకున్నదైతే, 3 నుంచి చదవండి.

   ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది. జరిగే జేబులో కేడీ (కప్లర్లు చేసే అమెరికా కంపెనీ) రకం పిడికిలి కప్లర్ పెడతారు. చూడ్డానికి అది ఎల్‌హెచ్‌బీ కప్లర్‌లాగే ఉంటుంది, నిజమే. కానీ రెండు పిడికిళ్ల మధ్య లూజు ఉంటుంది. ఆ జేబు పనిచేయాలంటే రెండు పెట్టెల మధ్య కప్లింగు ఒకే కడ్డీలా బిర్రుగా ఉండాలి. లూజు ఉంటే అది మధ్యకు తిరిగి రాదు, పెట్టె వంకరగా నడుస్తుంది. నా పద్ధతి ఏమిటంటే, కేడీ కప్లర్లు రేక్ రెండు కొసలకు మాత్రమే, ఇంజిన్‌కు తగిలించేచోట. 17 నుంచి 20 దాకా నంబర్లున్న నాలుగు పొడవుల్లో వస్తాయి. పొట్టిదైన 17తో మొదలుపెట్టి, వంపులో తాకితే తర్వాతి నంబరుకు వెళ్లండి.

3. బోగీకున్న కప్లింగు కోసేయండి. దాని బదులు రెండు పెట్టెలను ఒక తీగ కడ్డీతో కలుపుతాం. ఇప్పుడు ఆ కడ్డీ ఎక్కడ బిగించాలో చూడాలి. పెట్టె కొస నుంచి లోపలికి ఎంత దూరంలో బిగిస్తే వంపులో ఎడం అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. కానీ చక్రాలు అడ్డం వస్తాయి. ఐసీఎఫ్‌కు 12 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. ఎల్‌హెచ్‌బీ బోగీ కొస నుంచి ఇంకా లోపలికి ఉంటుంది కాబట్టి 22 దాకా వెళ్లొచ్చు. బోగీని చేత్తో రెండు వైపులా పూర్తిగా తిప్పి, చక్రం తగలని చోట పెన్సిలుతో గుర్తు పెట్టండి. గుర్తు సరిగ్గా మధ్యగీత మీద ఉండాలి. అర మిల్లీమీటరు పక్కకు పోయినా రెండు పెట్టెల గోడలు ఒక వరసలో నిలవవు.

4. తీగ వంచే ముందు శుభలేఖతో ట్రయల్ చేయండి. 6 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కోసి ఒక కొసన రంధ్రం చేయండి. రెండో కొసన రెండేసి మిల్లీమీటర్ల దూరంతో నాలుగు రంధ్రాలు వేయండి, మొదటి రంధ్రం నుంచి కొలిచి. ఎల్‌హెచ్‌బీకి 50, 52, 54, 56 దగ్గర, ఐసీఎఫ్‌కు 33, 35, 37, 39 దగ్గర. గుండుసూదులతో రెండు పెట్టెల కింద గుచ్చి, మీ అతి చిన్న వంపు మీద పెట్టి చేత్తో నడపండి. లోపలి మూలల మధ్య ఇంకో శుభలేఖ ముక్క అడ్డు లేకుండా పైనుంచి కిందకు జారాలి. అలా జారే అతి పొట్టి కొలతే మీది. ఎస్ ఆకారంలో తిరిగే చోట, క్రాసోవర్ (ఒక పట్టా నుంచి పక్క పట్టాకు మారే చోటు) మీద కూడా చూడండి. అక్కడ పెట్టెల కొసలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోతాయి. రెండు ఎదురు వంపుల మధ్య కనీసం ఒక పెట్టె పొడవు తిన్నని పట్టా లేకపోతే ఏ కప్లింగూ మిమ్మల్ని కాపాడదు.

5. ఇప్పుడు అసలు కడ్డీ. జెమ్ క్లిప్పును తిన్నగా చేసి, ఒక కొసను 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ చుట్టూ తిప్పి రింగు చేయండి. రెండో కొసను 5 మిల్లీమీటర్ల మేర నిటారుగా పైకి వంచండి. రింగును మొదటి పెట్టె కింద స్క్రూతో బిగించండి. స్క్రూ గట్టిగా తిప్పి, మళ్లీ పావు చుట్టు వదలండి. కడ్డీ తన బరువుకే ఊగాలి. రెండో పెట్టె కింద ప్లాస్టిక్ ముక్కకు రంధ్రం చేసి అతికిస్తే, ఆ పెట్టెను పైనుంచి దించగానే పైకి వంగిన కొస అందులో కూర్చుంటుంది. తీయాలంటే ఎత్తితే చాలు. కడ్డీ కిందికి వేలాడకుండా మొదటి పెట్టె కొస దగ్గర అడ్డంగా ఒక పట్టీ పెట్టండి. కడ్డీ పక్కలకు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఊగేంత వెడల్పు వదలండి.

   రెడీమేడ్ జరిగే యూనిట్ కొని అతికించేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని దగ్గరికి ఫెవిక్విక్ రానీయొద్దు. ఆ జిగురు నీళ్లలా పాకి గాడిలోకి దూరుతుంది, క్షణంలో యూనిట్ బిగుసుకుపోతుంది, ఇక తీయలేరు. అరల్డైట్ అంచుల మీద మాత్రమే రాయండి, లేదా స్క్రూ వేయండి. డబుల్ సైడ్ టేపు ఎత్తు సరిచూసుకునేదాకే. మన దగ్గర మేలో పైఅంతస్తు గదిలో టేపు జిగురు మెత్తబడి యూనిట్ వేలాడుతుంది.

   అయస్కాంతాలతో చేస్తామనేవాళ్లు ఒక్కో కొసకు రెండేసి పెట్టండి. పెట్టెలో నిలబడి బయటికి చూస్తున్నట్టు అనుకుంటే ఎడమ వైపు ఉత్తరం, కుడి వైపు దక్షిణం. అన్ని కొసలకూ ఇదే వరస. అప్పుడు పెట్టెను ఎటు తిప్పి పెట్టినా పట్టుకుంటుంది. ఒక్కటే పెడితే పెట్టె తిరగేసినరోజు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ పద్ధతి వద్దు. రెండు నియోడిమియం బిళ్లలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది.

6. ఐసీఎఫ్ అయితే బఫర్లు చూడండి. వంపులో లోపలి బఫర్లు ఒకదాన్నొకటి గుద్దుకుని పెట్టెను పట్టాల మీంచి నెట్టేస్తాయి. రేక్ లోపలి కొసల్లో ఒక్కోదాన్ని మూడు, మూడున్నర మిల్లీమీటర్లు తగ్గించండి. నల్లటి వెస్టిబ్యూల్ పక్కన ఉంటే పొట్టి బఫర్ ఎవరి కంటా పడదు. ఎల్‌హెచ్‌బీకి పక్క బఫర్లు లేవు కాబట్టి ఈ గోల లేదు.

వెస్టిబ్యూల్

7. ముందు ఆ పెట్టెకు అసలు వెస్టిబ్యూల్ ఉందో లేదో తెలుసుకోండి. పెట్టె మీద రాసిన కోడ్‌లో డబ్ల్యూ అక్షరం ఉంటే దారి ఉన్నట్టు. స్లీపరు పెట్టె డబ్ల్యూజీఎస్‌సీఎన్, దానికి ఉంది. పాత జనరల్ పెట్టె ఉత్త జీఎస్, దానికి లేదు. జనరల్‌కు కూడా వెస్టిబ్యూల్ అతికించిన రేక్ ఫొటోలు నాకు చాలా వస్తాయి. కాజీపేట జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక్క పాత రేక్ చూస్తే తేడా తెలుస్తుంది. ఫొటోలు కూడా ప్లాట్‌ఫారం మీద నుంచే తీయండి. రెండు పెట్టెల మధ్యకు దిగడం, వంగి చేయి పెట్టడం అస్సలు వద్దు.

8. చిన్నప్పుడు రెండు కాగితపు పట్టీలు ఒకదాని మీద ఒకటి మడిచి స్ప్రింగు చేసేవాళ్లం గుర్తుందా? అదే ఇక్కడ పనికొస్తుంది. నల్ల డ్రాయింగ్ షీటులో రెండు పట్టీలు కోయండి. ఒకటి 26 మిల్లీమీటర్ల వెడల్పు, 120 పొడవు. రెండోది 15 వెడల్పు, 208 పొడవు. ఒకదానికొకటి అడ్డంగా కొసలు అతికించి, ఒకసారి ఇది, ఒకసారి అది, మడుస్తూ పోండి. 15 వెడల్పు, 26 ఎత్తు ఉన్న మెత్తటి దిమ్మ వస్తుంది. మీ పెట్టె ద్వారం కొలతను బట్టి ఇవి మార్చుకోండి. మడత గీతలను గోరుతో కాదు, స్కేలు అంచుతో నొక్కండి. లేకపోతే దిమ్మ ఒక పక్కకు వాలుతుంది.

9. మెత్తదనం పరీక్షించండి. దిమ్మను బల్ల మీద పెట్టి పైన ఒక రూపాయి బిళ్ల ఉంచండి. కళ్లకు కనిపించేంత కుంగాలి. కుంగకపోతే కాగితం మందమైనా ఎక్కువ, మడతలైనా ఎక్కువ. రెండు మడతలు తీసి మళ్లీ చూడండి.

10. దిమ్మను ఒక పెట్టెకు మాత్రమే అతికించండి. ఈ ఒక్క మాట మర్చిపోయి నేను దసరాకు ఇంటికి వచ్చిన పిల్లల ముందు తొమ్మిది పెట్టెల రేక్ పడేసుకున్నాను. సందు అసలు కనబడొద్దని రెండు వైపులా అతికించాను. ముందుకు లాగినప్పుడు బాగానే పోయింది. వెనక్కి నెట్టగానే నాలుగో పెట్టె లోపలి చక్రాలు పట్టా మీది నుంచి వెంట్రుకవాసి లేచాయి. ఆ తర్వాత పెట్టె మెల్లగా బయటికి ఒరిగి, దాని వెనక రెండింటిని కూడా తీసుకుని పోయింది. లాగడం, నెట్టడం కప్లింగు పని. వెస్టిబ్యూల్ మీద ఆ బరువు రవ్వంత కూడా పడకూడదు.

    రెండో పెట్టెకు అదే కొలత ఉన్న నున్నటి ప్లాస్టిక్ ముక్కను నల్ల రంగు వేసి అతికించండి. దిమ్మ ముందు ముఖానికి కూడా అలాంటిదే పల్చటి ముక్క. రెండు ముఖాల మీదా పెన్సిలుతో బాగా రుద్ది, వేలితో పాలిష్ చేయండి. ఆ పొడితో అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి. పెట్టెల ఎడం కంటే దిమ్మ ఒక మిల్లీమీటరు మాత్రమే ఎక్కువ ఉండాలి.

11. మడతలు కనిపించే ఈ రూపం పాత ఐసీఎఫ్ గుడ్డ వెస్టిబ్యూల్‌కు బాగా నప్పుతుంది. ఎల్‌హెచ్‌బీకి నున్నటి రబ్బరు రూపం కావాలి. నల్ల గ్లౌజు నుంచి పట్టీ కోసి దిమ్మకు రెండు పక్కలా, పైనా వదులుగా చుట్టి, పెట్టె వైపు అంచు మాత్రమే అతికించండి. బిర్రుగా లాగితే మెత్తదనం పోతుంది. ఫెవిక్విక్‌ను గుండుసూది మొనతో చుక్క చుక్కగా పెట్టండి, పెట్టెను రాత్రంతా గాలి తగిలేలా వదిలేయండి. మూసిన డబ్బాలో పెడితే ఆవిరికి కిటికీ అద్దాలు తెల్లబడతాయి.

సికింద్రాబాద్ నుంచి విశాఖ పోయే వందే భారత్ చేస్తున్నవాళ్లు ఒకరిద్దరు అడిగారు. అందులో పెట్టెలు అసలుకే మామూలుగా విడదీయని కడ్డీలతో కలిసి ఉంటాయి. కాబట్టి ఈ కడ్డీ పద్ధతి మీకే బాగా సరిపోతుంది. రెండు వైపులా స్క్రూ వేసి శాశ్వతంగా బిగించేయవచ్చు.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

పెట్టె బరువు తూచండి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) పద్ధతి ప్రకారం ఐసీఎఫ్ పొడవు పెట్టెకు దాదాపు 165 గ్రాములు, ఎల్‌హెచ్‌బీకి దాదాపు 180 గ్రాములు రావాలి. సొంతంగా కట్టిన పెట్టెలు చాలావరకు ఇందులో సగం కూడా ఉండవు. తేలిక పెట్టెను ఎంత మెత్తటి వెస్టిబ్యూల్ అయినా నెట్టేస్తుంది. బరువు తక్కువైతే పెట్టె లోపలి నేల మీద, రెండు బోగీల మధ్య సమంగా పెట్టండి.

గది చీకటి చేసి, పట్టాల ఎత్తులో వెనక నుంచి ఫోన్ టార్చి వేయండి. తిన్నని పట్టా మీద వెస్టిబ్యూల్ రెండు ముఖాల మధ్య వెలుతురు గీత కనిపించకూడదు. వంపులో బయటి వైపు సన్నటి గీత వస్తే పర్వాలేదు. ఆ గీత కోసం మడతలు పెంచకండి.

పెట్టెను వంపు మీద ఆపి, ఒక కొసను చేత్తో పక్కకు జరిపి వదలండి. అది తానుగా వెనక్కి వచ్చి కూర్చోవాలి. జరిగినచోటే నిలిచిపోతే స్క్రూ బిర్రుగా ఉన్నట్టు, లేదా ముఖాల మీద పెన్సిలు పొడి చాలనట్టు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, నెట్టుడు పరీక్ష. రేక్ మొత్తం కట్టాక ఇంజిన్‌ను వెనక పెట్టి అతి నెమ్మదిగా, మీ అతి చిన్న వంపు మీదుగా, పట్టా మారే పాయింట్ల మీదుగా పది సార్లు నెట్టండి. ఒక్కసారి పడినా పడ్డ పెట్టెను తప్పు పట్టకండి, దాని ముందూ వెనకా ఉన్న రెండు కప్లింగులూ చూడండి. ముందు వెస్టిబ్యూల్ దిమ్మలు తీసేసి నెట్టి చూడండి. పడటం ఆగితే తప్పు దిమ్మలో ఉంది, మడతలు తగ్గించండి. అయినా పడుతుంటే కడ్డీ పొట్టిగా ఉంది. రెండు మిల్లీమీటర్లు పెద్దది వంచి, మళ్లీ మొదటి నుంచి పది సార్లు నెట్టండి.